ప్రశ్న మన ఊరిదే: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థుల చర్చలు ఎక్కడ తెగిపోతున్నాయి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ డిగ్రీ కాలేజీలోనైనా ఏడాదికి కొన్ని వక్తృత్వ పోటీలు తప్పవు. "సోషల్ మీడియా వరమా, శాపమా", "యువత - నైతిక విలువలు", "అభివృద్ధి - పర్యావరణం" లాంటివి బోర్డు మీద రాస్తారు. విషయాలు చిన్నవేమీ కావు. మనిషి ఎలా బతకాలి, ఏది న్యాయం, ఎవరికి ఎంత స్వేచ్ఛ అన్న ప్రశ్నలే వాటి అడుగున ఉన్నాయి. మాట్లాడటానికి ఇచ్చేది మాత్రం ఐదు నిమిషాలు. వరమని చీటీ వచ్చిన అమ్మాయి వరమంటుంది, శాపమని వచ్చిన అబ్బాయి శాపమంటాడు. ఇద్దరూ వివేకానందుణ్ణో అబ్దుల్ కలామ్‌నో తలుచుకుని ముగిస్తారు. చప్పట్లు, షీల్డు, గ్రూప్ ఫొటో. మధ్యలో ఎవరికైనా తన వాదన మీద తనకే అనుమానం వస్తే దాన్ని పైకి చెప్పే వీలు ఆ పోటీలో లేదు. చెబితే మార్కులు పోతాయి.

అదే పిల్లలు రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ వరండాలో మాట్లాడుకునే మాటలు వేరు. డీఎస్సీకి మళ్ళీ మళ్ళీ కూర్చుంటున్న అక్క గురించి, చెన్నై వెళ్ళి సెంట్రింగ్ పనిలో చేరిన చిన్నాన్న కొడుకు గురించి, వేరే కులం పిల్లను ప్రేమించి ఊరు వదిలేసిన సీనియర్ గురించి. తత్వశాస్త్రం పుస్తకాల్లో ఉండే ప్రశ్నలన్నీ వీటిలోనే ఉన్నాయి. కాకపోతే అక్కడ మాట పావుగంటలో "ఏటి సేత్తాం, అలగే రాసిపెట్టుంది" అన్న దగ్గరికి వచ్చి ఆగిపోతుంది.

ఈ ప్రాంతం పిల్లలకు ఆలోచన తక్కువన్నది వట్టి అబద్ధం. వేదిక మీద ఒక పద్ధతి ఉంది, సొంత ప్రశ్న లేదు. వరండాలో సొంత ప్రశ్న ఉంది, దాన్ని ముందుకు నడిపే పద్ధతి లేదు. ఆ రెండూ ఒకచోట కలవకపోవడమే అసలు సమస్య.

గెలవడానికి మాట, తెలుసుకోవడానికి మాట

ఈ తేడాను కొలవడానికి పాత కొలబద్ద ఒకటుంది. మన తర్కశాస్త్రానికి మూలగ్రంథమైన గౌతమ మహర్షి న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండం అని మూడుగా విడదీశాయి. వాదంలో ఇద్దరూ ప్రమాణాలతో, తర్కంతో మాట్లాడతారు, తేలవలసింది నిజం. జల్పంలో గెలుపే ముఖ్యం, అందుకోసం మాటల మాయ చేసినా చెల్లుతుంది. వితండంలో తనకంటూ ఒక పక్షమే ఉండదు, ఎదుటివాడిది పడగొడితే చాలు. వాదం ఎవరితో చెయ్యాలో కూడా సూత్రకారుడు చెప్పాడు: గురువుతో, శిష్యుడితో, సహాధ్యాయితో, అసూయ లేకుండా మన మేలు కోరేవాళ్ళతో. అంటే విద్యార్థులు తమలో తాము చేసుకోవలసింది వాదమే. జల్పాన్నీ వితండాన్నీ ఆయన బొత్తిగా తోసెయ్యలేదు. మొలకెత్తుతున్న విత్తనం చుట్టూ ముళ్ళకంప వేసినట్టు, తేలిన నిజాన్ని కాపాడుకోవడానికి అవి పనికొస్తాయన్నాడు.

కాలేజీల్లో ఇప్పుడు నేర్పుతున్నది ముళ్ళకంప వెయ్యడమే. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ల ముందు గ్రూప్ డిస్కషన్ తర్ఫీదు ఇస్తారు. అక్కడ చూసేది మాట ముందు ఎవరు అందుకున్నారు, ఎన్నిసార్లు మాట్లాడారు, ఇంగ్లీషు ఎలా ఉంది అన్నదే. "మీరన్నది సబబుగానే ఉంది, నేను మళ్ళీ ఆలోచించుకోవాలి" అన్న కుర్రాడికి ఆ పది నిమిషాల్లో చోటు లేదు. టీవీ చర్చలు చూసి పెరిగిన తరానికి చర్చంటే ఎదుటివాణ్ణి నోరెత్తనివ్వకపోవడమన్న అభిప్రాయం అప్పటికే స్థిరపడి ఉంటుంది.

పాఠ్యప్రణాళికలో చోటు లేదా అంటే ఉంది. బీటెక్‌లో సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) పెట్టించిన సార్వత్రిక మానవ విలువల కోర్సు ఉంది. డిగ్రీలో మానవ విలువలు, వృత్తి నైతికత అన్న పేపరు వచ్చింది. వాటి ఉద్దేశం విద్యార్థి తనను తాను ప్రశ్నించుకోవడమే. పరీక్ష దగ్గరికొచ్చేసరికి అది "విలువలు ఎన్ని రకాలు? వివరింపుము" అయిపోతుంది. గైడులో నాలుగు పాయింట్లుంటాయి, ఆ నాలుగూ రాస్తే మార్కులు పడతాయి. నిజాయితీ గురించిన పేపర్లో కాపీ కొట్టి పాసవడానికి అడ్డేమీ లేదన్న సంగతి పిల్లలకు బాగా తెలుసు. దాని మీదే ఒక గంట చర్చ పెట్టవచ్చు. ఎవరూ పెట్టరు.

వెళ్ళడం వాడి ఇష్టమేనా?

వరండా ప్రశ్నను పద్ధతిగా నడిపితే ఎంత దూరం వెళుతుందో చూడటానికి వలసను మించిన విషయం ఈ రెండు జిల్లాల్లో లేదు. పలాసలోనో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనో జనరల్ బోగీ ఎక్కే యువకుల సంచులు చూస్తే చాలు, ఎవరెక్కడికి వెళుతున్నారో స్టేషన్ బయట టీకొట్టువాడు కూడా చెప్పగలడు. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు భవన నిర్మాణ పనులకు ఇక్కడి నుంచి మనుషులు వెళతారు. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే వాళ్ళలో ఎందరో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల వాళ్ళు. ఇంత పొడవు తీరమున్న శ్రీకాకుళం జిల్లా మత్స్యకారులు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. అలా వెళ్ళి 2018లో సరిహద్దు దాటారని పాకిస్తాన్‌కు పట్టుబడినవాళ్ళు 2020 జనవరిలో గానీ ఇంటిముఖం చూడలేదు.

ఇప్పుడు తరగతిలో ఒక ప్రశ్న పెట్టాలి: వలస వెళ్ళినవాడు స్వేచ్ఛగా వెళ్ళాడా?

మొదట రెండు జవాబులు వస్తాయి. "ఎవరైనా మెడ పట్టి గెంటేరా? ఆడి ఇష్టమై ఎల్లేడు" అని ఒకరు. "ఎల్లకపోతే ఇక్కడ ఏటి సేత్తాడు?" అని ఇంకొకరు. వక్తృత్వ పోటీలో అయితే ఈ రెండే రెండు పక్షాలై, చివరిదాకా గొంతులు పెంచుకుంటూ పోతాయి. వాదంలో మూడో మాట కావాలి: ఇద్దరూ స్వేచ్ఛ అన్నది ఒకే అర్థంలో వాడుతున్నారా? మొదటివాడి దృష్టిలో స్వేచ్ఛ అంటే అడ్డగించేవాడు లేకపోవడం. రెండోవాడి దృష్టిలో స్వేచ్ఛ అంటే చేతిలో మరో దారి ఉండటం. ఆక్స్‌ఫర్డ్‌లో ఐసయా బెర్లిన్ అనే తత్వవేత్త 1958లో చేసిన ప్రసంగంలో స్వేచ్ఛను రెండు భావనలుగా విడదీసి చూశాడు. ఆయన గీసిన గీత సరిగ్గా ఇదే కాకపోయినా, ఇలాంటి గీత గీసుకోకపోతే చర్చ ముందుకు కదలదన్నది ఆయన దగ్గర నేర్చుకోవలసిందే. ఆ పేరు వినని పిల్లలు కూడా తమ ఊరి ఉదాహరణతో అక్కడికి చేరుకోగలరు.

ఇక్కడ అమర్త్య సేన్ ఉదాహరణ ఒకటి బాగా అక్కరకొస్తుంది. ఉపవాసం ఉన్నవాడూ తినడు, పస్తున్నవాడూ తినడు. బయటినుంచి చూస్తే ఇద్దరి కడుపూ ఖాళీయే. ఉపవాసం ఉన్నవాడు తినగలిగి ఉండి మానేశాడు, పస్తున్నవాడికి ఆ వీలే లేదు. కాబట్టి మనిషి ఏం చేశాడన్నది చూస్తే చాలదు, ఇంకేం చెయ్యగలిగి ఉండి దీన్ని ఎంచుకున్నాడో చూడాలి. శివరాత్రి ఉపవాసాలు, పనిలేని రోజుల పస్తులు రెండూ చూసిన ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

అక్కడితో ప్రశ్న తీరిందనుకుంటే పొరపాటే. నిజానికి అప్పుడే మొదలవుతుంది. ఒక అమ్మాయి లేచి, "మా అన్నయ్య బీటెక్ చేసి బెంగళూరు వెళ్ళాడు. నాన్న ఎకరం అమ్మి చదివించాడు. వాడికిప్పుడు ఆ ఉద్యోగం నచ్చలేదు, మానలేడు. వాడిది స్వేచ్ఛా?" అని అడుగుతుందనుకుందాం. చదువూ జీతమూ ఉన్నా అప్పు ఉంటే దారులు మూసుకుపోతాయన్నది అందరికీ ఒకేసారి తడుతుంది. ఆ వెంటనే ఇంకా లోతైనది వస్తుంది: తల్లిదండ్రులు మనకోసం చేసింది అప్పేనా? అప్పయితే ఎంత తీరిస్తే తీరుతుంది? దేవ, ఋషి, పితృ ఋణాలంటూ మనిషి పుట్టుకతోనే బాకీపడి పుడతాడన్న పాత భావన ఒకటి. అడిగి పుట్టలేదు కాబట్టి బాకీ ఎలా అవుతుందన్న కొత్త తర్కం ఇంకొకటి. ప్రేమతో చేసినదాన్ని లెక్కగట్టడమే తప్పన్నది మూడోది. ఈ మూడింటిలో ఏదీ తేలిగ్గా ఓడిపోయేది కాదు. ఇంట్లో పెళ్ళి మాటలప్పుడు, ఉద్యోగం మానాలనుకున్నప్పుడు, ఊళ్ళో ఇల్లు అమ్మాలనుకున్నప్పుడు మనవాళ్ళు వాడేది ఈ మూడు వాదాలనే, పేర్లు చెప్పరంతే. చర్చ అక్కరకొచ్చేది ఇక్కడే. రేపు ఇంట్లో తండ్రితో మాట్లాడేటప్పుడు, ఆయన ఏ అర్థంలో అంటున్నాడో తెలిసి మాట్లాడే పిల్ల, తెలియక ఏడ్చే పిల్ల కంటే కొంచెం బలంగా నిలబడుతుంది.

చర్చకు మాటలు చాలవు, లెక్క కూడా కావాలి. ఆ సంప్రదాయం విజయనగరంలోనే ఉంది. కన్యాశుల్కం తొలి ముద్రణ (1897) ముందుమాటలో గురజాడ, విశాఖ జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళలో జరిగిన శుల్క వివాహాల (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్ళిళ్ళ) గురించి విజయనగరం మహారాజు చేయించిన లెక్కను ఇచ్చాడు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు నమోదయ్యాయి. ఐదేళ్ళకే పెళ్ళయిన ఆడపిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. "ఆచారం కదా" అన్నవాడి నోరు మూయించడానికి ఆ చివరి అంకె ఒక్కటి చాలు. గురజాడ చదివిందీ పాఠం చెప్పిందీ విజయనగరం మహారాజా కళాశాలలోనే. ఈనాటి విద్యార్థులు వలస మీద చర్చకు కూర్చునే ముందు తమ వీధిలో ఎన్ని ఇళ్ళకు తాళాలున్నాయి, ఎన్ని ఇళ్ళలో ముసలివాళ్ళు మాత్రమే ఉన్నారు, వెళ్ళినవాళ్ళలో అప్పు తీర్చడానికి వెళ్ళినవాళ్ళెందరు అని రాసుకొస్తే చర్చ తీరే మారిపోతుంది.

కారణం తెలియనప్పుడు బాధ్యత ఎవరిది?

తత్వశాస్త్రంలో జ్ఞానమీమాంస అనే శాఖ ఉంది. మనకు తెలుసు అని ఎప్పుడు అనవచ్చు, ఎంత తెలిస్తే చర్యకు దిగవచ్చు అన్నది దాని పని. ఈ శాఖకు చాలా బరువైన ఉదాహరణ ఒకటి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య ఊళ్ళలో మధుమేహం, రక్తపోటు లేనివాళ్ళకు కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. పరిశోధకులు ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. భూగర్భ జలాల్లోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేస్తూ తగినంత నీరు తాగకపోవడమన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ కారణమని ఒక్కటి నిక్కచ్చిగా తేలలేదు.

2023 డిసెంబర్‌లో వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తెచ్చే సుమారు 700 కోట్ల తాగునీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇందులో గట్టి ప్రశ్న ఒకటి దాగి ఉంది. నీరే కారణమని తేలకుండానే నీటి మీద అంత ఖర్చు పెట్టడం సరైనదేనా? సైన్స్ విద్యార్థి ఒకరు రుజువు లేకుండా డబ్బు పెట్టడం అశాస్త్రీయమనవచ్చు. రుజువు వచ్చేదాకా ఆగితే ఎంతమంది పోతారని ఆ ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థి అడగవచ్చు. 1992 రియో పర్యావరణ సదస్సు ప్రకటనలోని 15వ సూత్రం ఈ రెండో విద్యార్థి వైపే మొగ్గుతుంది: తీవ్రమైన, కోలుకోలేని నష్టం పొంచి ఉన్నప్పుడు పూర్తి శాస్త్రీయ నిర్ధారణ లేదన్న సాకుతో నివారణ చర్యలు వాయిదా వెయ్యకూడదు. అయితే అది అన్నింటికీ వర్తించే మంత్రం కాదు. అనుమానం మీద పంట మానిపించడం, అనుమానం మీద మంచినీళ్ళివ్వడం ఒకటి కావు. చర్య తప్పని తేలినా దానివల్ల నష్టపోయేవాడు లేకపోతే రుజువు కోసం అంతగా పట్టుబట్టనక్కరలేదు. నష్టపోయేవాడుంటే పట్టుబట్టాలి. ఈ తేడా దొరికిన విద్యార్థి టీకాల విషయంలో, ఆహార కల్తీ విషయంలో, వదంతుల విషయంలో కూడా సరిగా ఆలోచిస్తాడు.

ఇంకో అడుగు వెయ్యాలి. దోషి దొరకకపోతే బాధ్యులు ఎవరూ లేనట్టేనా? మన రోజువారీ మాటల్లో తప్పు, బాధ్యత కలిసిపోయి ఉంటాయి; తప్పు ఎవరిదో తేలితే వాడే భరించాలంటాం. ఉద్దానం ఆ అలవాటును విరగ్గొడుతుంది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం చేసే మనిషి ముందు "కారణం తేలలేదు" అన్నది జవాబు కాదు. తప్పు చెయ్యనివాళ్ళకు కూడా, చెయ్యగలిగిన స్థితిలో ఉన్నందుకే బాధ్యత వస్తుంది. ఈ ఒక్క వాక్యం మీద విద్యార్థులు కొట్లాడుకోవాలి. ఎందుకంటే దీన్ని ఒప్పుకుంటే దాని భారం ప్రభుత్వం దగ్గర ఆగదు, కూర్చున్న అందరి మీదా ఎంతో కొంత పడుతుంది.

పట్టాల మీద ఉన్నవాళ్ళకు నోరుంది

నీతిశాస్త్రం అనగానే ఇంటర్నెట్‌లో పిల్లలకు మొదట ఎదురయ్యేది ట్రాలీ సమస్య. ఫిలిప్పా ఫుట్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1967లో రాసిన వ్యాసంతో మొదలైనది అది. అదుపు తప్పిన బండి ఐదుగురి మీదికి పోతోంది, మీట లాగి పక్క పట్టా మీదికి మళ్ళిస్తే ఒక్కడే పోతాడు, మళ్ళిస్తావా? సరదాగా మొదలై గంటసేపు నడుస్తుంది. మంచి వ్యాయామమే. ఈ ప్రాంతంలో దాన్ని యథాతథంగా తెచ్చి పెట్టడం మాత్రం చాలదు.

సోంపేట బీల భూములను, అంటే అక్కడి చిత్తడి నేలలను చూడండి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నప్పుడు, రాష్ట్రానికంతటికీ వెలుగు కోసం కొద్దిమంది కొంత వదులుకోవాలన్నదే ప్రధాన వాదన. ఐదుగురూ, ఒక్కడూ అన్న లెక్కే. ఊళ్ళు ఎదురుతిరిగాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టు చివరికి రాలేదు. ఏడాది తిరగకముందే, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, అలాంటి థర్మల్ కేంద్రం గొడవలోనే, మళ్ళీ కాల్పులు. కొవ్వాడ అణువిద్యుత్ ప్రతిపాదన మీద, భోగాపురం విమానాశ్రయానికి ఇచ్చిన భూముల మీద ఇవే ప్రశ్నలు వేరువేరు రూపాల్లో వచ్చాయి.

ట్రాలీ కథలో పట్టాల మీద ఉన్నవాడు మాట్లాడడు. మీట దగ్గర నిలబడ్డవాడే ఆలోచిస్తాడు, వాడే తేలుస్తాడు. పట్టాలు అటుగా ఎవరు వేశారన్నది కథలో రాదు. సోంపేటలో పట్టాల మీద ఉన్నవాళ్ళే లేచి, ఈ నేల వట్టి బీడు కాదు, మా చేప, మా గడ్డి, మా నీరు అని చెప్పారు. బీల విలువను మీట దగ్గరివాడు కట్టిన లెక్కే తప్పని వాళ్ళ వాదన. అంటే చర్చ "ఐదా, ఒకటా" దగ్గర కాకుండా, ఎవరి నష్టాన్ని ఎవరు కొలుస్తున్నారన్న దగ్గర మొదలవ్వాలి. ఇందులో రెండో పక్షానికీ బలం ఉంది, దాన్ని దాచకూడదు. పరిశ్రమ లేకపోతే పైన చెప్పిన జనరల్ బోగీ ఖాళీ అవ్వదు. విమానాశ్రయం దగ్గర పని దొరుకుతుందని ఎదురుచూసే కుర్రాడి ఆశ కూడా న్యాయమైనదే. వాదం చేసేవాడు ముందుగా పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివాడి మాటను, వాడే మెచ్చుకునేంత బలంగా చెప్పాలి. ఆ తర్వాతే తన సిద్ధాంతం. ఈ నియమం ఒక్కటి పెట్టినా చర్చ సగం బాగుపడుతుంది.

ఫోను, కృత్రిమ మేధ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు, విద్యార్థులు వాటి గురించి ఎలాగూ మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్క ప్రశ్న మాత్రం పనికొస్తుంది. ఏఐతో రాయించిన అసైన్‌మెంటులో మోసపోయింది మాస్టారా, రాయించిన విద్యార్థా? మాస్టారే అని వెంటనే అనేవాళ్ళు, ఆ అసైన్‌మెంటు ఎందుకిచ్చారో తమకు తెలుసా అని ఒకసారి ఆలోచించాలి.

చర్చలో ఎవరు మాట్లాడరు

సమానత్వం మీద చర్చ పెట్టినప్పుడు అసలు పరీక్ష విషయంలో ఉండదు, గుండ్రంగా కూర్చున్న ఆ గుంపులోనే ఉంటుంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ హెచ్చరించాడు: రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉన్న వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడుతున్నామని. ఎచ్చెర్లలో 2008లో వచ్చిన విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. ఆ పేరున్న చోటే కాదు, ఎక్కడ చర్చ పెట్టినా మొదటి పావుగంటలో ఎవరు మాట్లాడారో రాసుకుంటే ఆ వైరుధ్యం కళ్ళముందుంటుంది. పట్నం పిల్లలు, ఇంగ్లీషు మీడియం పిల్లలు, మగపిల్లలు, చెప్పకపోయినా అందరికీ తెలిసిన కులాల పిల్లలు ముందుంటారు. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర గిరిజన అబ్బాయికి, ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష, మైకు ముందు మూడో భాష. కవిటి నుంచి వచ్చిన అమ్మాయి "ఏటి", "ఎల్తాను" అని నోరు జారితే వెనక బెంచీ నవ్వుతుంది. ఆ నవ్వుతో ఒక మంచి వాదన పోతుంది.

ఇది కొత్త గొడవ కాదు. శ్రీకాకుళం ప్రాంతంలో పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని జీవితాంతం పోరాడాడు. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశాడు. ఆయన పుట్టినరోజున ఊరూరా తెలుగు భాషా దినోత్సవ సభలు పెట్టి, ఆ సభల్లోనే యాసలో మాట్లాడిన పిల్లను సరిదిద్దడం చాలా బాధ కలిగించే విషయం. ఆలోచన పుట్టేది ఏ మాటలో అయితే చర్చ ఆ మాటలోనే సాగాలి. పుస్తకభాషలోకి మార్చుకునేలోపు ఆలోచన జారిపోతుంది.

కథలు ఇక్కడ గొప్పగా పనికొస్తాయి. నేరుగా "మన కులం", "మన అప్పు" అని మాట్లాడటానికి సంకోచించే విద్యార్థి, కథలో మనిషి గురించైతే నిర్భయంగా మాట్లాడతాడు. అమెరికాలో మాథ్యూ లిప్‌మన్ 1970ల మొదట్లో పిల్లల చేత తత్వ చర్చ చేయించడానికి ప్రత్యేకంగా నవలికలే రాసుకోవలసి వచ్చింది. శ్రీకాకుళానికి ఆ ఇబ్బంది లేదు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయం ఆ ఊళ్ళోనే ఉంది, వందేళ్ళకు పైబడిన తెలుగు కథ అక్కడ పోగై ఉంది. భూమి, అప్పు, ఊరి పెద్దరికం, ఆడపిల్ల బతుకు మీద ఉత్తరాంధ్ర రచయితలు రాసినన్ని కథలు చాలు, ఒక కాలేజీ మూడేళ్ళు చర్చించుకోవడానికి.

అన్నం పెడుతుందా?

దీనికంతటికీ ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తెల్లవారుజామున రోడ్డు మీద ఆర్మీ రన్నింగ్ ప్రాక్టీసు, పగలు కాలేజీ, సాయంత్రం కానిస్టేబుల్ కోచింగ్. ఇలా బతికే కుర్రాడికి "స్వేచ్ఛ అంటే ఏమిటి" అన్న చర్చకు తీరిక ఎక్కడిది? ఫ్రాన్స్‌లో హైస్కూలు చివరి ఏడాది నాలుగు గంటల తత్వశాస్త్రం పరీక్ష ఉంటుందని చెబితే, వాళ్ళకు కడుపు నిండింది కాబట్టి రాస్తారంటాడు. అతని మాటలో న్యాయం ఉంది. ఈ చర్చ ఉద్యోగం ఇవ్వదు, ఇస్తుందని చెప్పేవాళ్ళు అబద్ధం చెబుతున్నట్టే.

కానీ అతనికున్న ప్రశ్నలను చూడాలి. సైన్యంలో చేరికకు 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ళ తర్వాత పాతిక శాతం మందినే ఉంచుకుంటారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీపడ్డారు. అందరూ రాత్రింబవళ్ళు చదివినా అత్యధికులకు రాదు. అది లెక్క, ఎవరి చేతగానితనమూ కాదు. అయినా రానివాడు ఇంట్లో, వీధిలో, చివరికి తన కళ్ళకే చేతగానివాడిగా కనిపిస్తాడు. ప్రతిభకు దక్కిందెంత, పుట్టిన ఇంటికీ దొరికిన బడికీ ఆ రోజు వచ్చిన పేపరుకూ దక్కిందెంత? అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఇదే ప్రశ్నతో న్యాయం మీద పెద్ద పుస్తకం రాశాడు. మనిషికి పుట్టుకతో దొరికిన శక్తిసామర్థ్యాలు కూడా అతను సంపాదించుకున్నవి కావన్నాడు. పోస్టు రాని అక్కకు ఇది ఓదార్పు మాటగా చెబితే చాలదు. ఆమె కూర్చుని దీన్ని ఒప్పుకోవాలో కాదనాలో తేల్చుకునే చోటు కావాలి. తన విలువ ఒక జాబితాలో పేరు మీద ఆధారపడి ఉందా లేదా అన్న ప్రశ్నకు సమయం దొరకని మనిషికి ఆ ప్రశ్న ఫలితాలు వచ్చిన రాత్రి ఒంటరిగా ఎదురవుతుంది.

పెద్దవాళ్ళ భయం మరొకటి. ఈ నేలలో న్యాయాన్యాయాల ప్రశ్న ఒకప్పుడు చాలా దూరం వెళ్ళింది. 1967లో లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల హత్య, ఆ తర్వాత గిరిజన రైతాంగ సాయుధ పోరాటం, దాన్ని ముందుండి నడిపిన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. 1970లో ఇద్దరూ చనిపోయారు. గిరిజన భూములు చేతులు మారకుండా 1970లో వచ్చిన ఒకటో నంబరు నిబంధన, అంటే 1/70 చట్టం, ఆ కాలానిదే. ఆ రోజులు చూసిన ఇళ్ళలో "ఇలాటి మాటలు మనకొద్దు, చదువుకుని ఉద్యోగం తెచ్చుకో" అనడం అర్థం చేసుకోదగినదే. అయితే ప్రశ్నను నొక్కేస్తే అది పోదు. అన్యాయం మీద చట్టం కదలనప్పుడు మనిషి ఏం చెయ్యవచ్చు, ఏం చెయ్యకూడదు, ఎక్కడ ఆగాలి అన్నది పదిమంది మధ్య, ఎదురుమాట చెప్పేవాళ్ళ సమక్షంలో ఆలోచించుకోవడమే మేలు. ఎదురుమాట వినని చోట పుట్టిన నమ్మకమే ప్రమాదకరమైనది.

ఆచరణకొస్తే పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. పదిహేను మందికి మించకూడదు, గుండ్రంగా కూర్చోవాలి, మైకు ఉండకూడదు. సమయం సాయంత్రం పెడితే పల్లెల నుంచి వచ్చే అమ్మాయిలు ఆర్టీసీ బస్సు కోసం మధ్యలోనే లేచిపోతారు, అప్పుడది మగపిల్లల చర్చే అవుతుంది. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్ మంచిది. మాస్టారు ప్రశ్న పెట్టాలి, తన అభిప్రాయం చివరిదాకా చెప్పకూడదు. మాట్లాడేవాడు తన ముందు మాట్లాడినవాడి మాటను ఒక వాక్యంలో తిరిగి చెప్పి, వాడు అవునన్నాకే తనది మొదలుపెట్టాలి. అభిప్రాయం మార్చుకున్నవాళ్ళు ఆ సంగతి పైకి చెప్పాలి, ఎందుకు మార్చుకున్నారో కూడా చెప్పాలి. ఒకరు కాగితం మీద మూడు సంగతులు రాసుకోవాలి: దేనికి అందరూ ఒప్పుకున్నారు, ఏది తేలలేదు, ఏది తెలుసుకుని రావాలి. మూడోదాని కింద ఎవరి ఊరు వాళ్ళకు పంచాలి. వచ్చేవారం ఆ కాగితం చదివి, ఊళ్ళో కనుక్కొచ్చిన లెక్కలతో మొదలుపెట్టాలి.